ఊరి పిల్లలతోనే నూరేళ్లు: బిల్బావో అథ్లెటిక్ క్లబ్బు గురించి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. స్పెయిన్‌లోని బిల్బావో నగరానికి చెందిన అథ్లెటిక్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు బాస్క్ ప్రాంతపు (స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుకు ఇరువైపులా ఉన్న, సొంత భాష గల ప్రాంతం) ఆటగాళ్లను మాత్రమే ఆడిస్తుందన్న మాట నిజమేనా? నిజమైతే రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలతో పాటు మొదటి డివిజన్ నుంచి ఒక్కసారి కూడా కిందికి దిగని మూడో జట్టుగా అది ఎలా నిలవగలిగింది? పుట్టిన చోటు చూసి ఆటగాణ్ణి ఎంచుకోవడం వివక్ష కాదా? ఉద్యోగరీత్యా నేను ఆరేళ్లు బిల్బావోలో ఉన్నాను. సాన్ మమేస్ స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో నా ఇల్లు ఉండేది, పక్క సీట్లలో కూర్చున్న పెద్దవాళ్లు ఈ క్లబ్బు చరిత్రను నాకు నోటితోనే నేర్పారు. వాళ్లు చెప్పిన వాటిలో కొన్ని తర్వాత చదివితే తప్పని తేలాయి, చాలావరకు నిజమని తేలాయి. మూడు ప్రశ్నలకూ జవాబు ఆ చరిత్రలోనే ఉంది కనుక కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు పొట్టి జవాబు: నిజమే. కానీ చాలామంది అనుకుంటున్నట్టు అది క్లబ్బుతో పాటు పుట్టిన ఆదర్శం కాదు. అసలు ఆ క్లబ్బు పుట్టిందే ఇంగ్లీషువాళ్ల వల్ల.

19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో బిల్బావో చుట్టుపక్కల కొండల్లో దొరికే ఇనుప ఖనిజానికి బ్రిటన్‌లో విపరీతమైన గిరాకీ ఉండేది. అప్పటి బెస్సెమర్ పద్ధతిలో ఉక్కు తీయాలంటే ఫాస్ఫరస్ తక్కువగా ఉన్న ఖనిజం కావాలి, బిల్బావో ఖనిజం సరిగ్గా అలాంటిది. ఖనిజం నింపుకుని వెళ్లిన ఓడలు తిరుగు ప్రయాణంలో బొగ్గు తెచ్చేవి. బొగ్గుతో పాటు ఇంజనీర్లు, నావికులు, ఓడల రేవులో పనివాళ్లు, వాళ్ల సంచుల్లో తోలు బంతులు వచ్చాయి. నెర్వియోన్ నది ఒడ్డున వాళ్లు ఆడుకునే చోటును ఊరివాళ్లు ఇంగ్లీషువాళ్ల మైదానం అనేవారు. ఇప్పుడు గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఉన్నది ఆ దాపుల్లోనే. మరోవైపు బిల్బావోలోని కలవారు తమ కొడుకులను చదువుకు ఇంగ్లండ్ పంపేవారు, ఆ కుర్రాళ్లు ఆట నేర్చుకుని తిరిగి వచ్చేవారు. ఈ రెండు పాయలూ కలిసిన చోట క్లబ్బు పుట్టింది. క్లబ్బు తన పుట్టుకను 1898గా లెక్కిస్తుంది, లాంఛనంగా నియమావళి రాసుకున్నది మాత్రం 1901లో, ఒక కాఫీ దుకాణంలో జరిగిన సమావేశం తర్వాత. పేరులోని అథ్లెటిక్ అన్న మాట స్పానిష్ కాదు, బాస్క్ కూడా కాదు, అచ్చమైన ఇంగ్లీషు.

1902లో ఊళ్లోని రెండు క్లబ్బులు కలిసి విస్కాయా పేరుతో ఒకే జట్టుగా మాడ్రిడ్ వెళ్లి, రాజు పట్టాభిషేకం సందర్భంగా జరిగిన కప్పును గెలిచాయి. మరుసటి ఏడాది కోపా, అంటే రాజు పేరిట ఇప్పటికీ జరిగే నాకౌట్ కప్పు, మొదటిసారి జరిగినప్పుడు అథ్లెటిక్ ఫైనల్లో మాడ్రిడ్ జట్టు చేతిలో 0-2తో వెనకబడి, చివరికి 3-2తో గెలిచింది. అదే 1903లో మాడ్రిడ్‌లో చదువుకుంటున్న బాస్క్ విద్యార్థులు బిల్బావో క్లబ్బుకు అక్కడ ఒక శాఖ తెరిచారు. ఆ శాఖ తర్వాత వేరుపడి సొంతంగా ఎదిగింది, ఇవాళ మనమంతా ఎరిగిన అట్లెటికో మాడ్రిడ్ అదే. రెండు జట్లూ ఎరుపు తెలుపు చారల చొక్కాలే ఎందుకు తొడుక్కుంటాయని ఎప్పుడైనా అనుమానం వస్తే దానికీ జవాబు ఇక్కడే ఉంది. మొదట్లో రెండింటివీ నీలం తెలుపు చొక్కాలు. 1909 చివర్లో హువాన్ ఎలోర్దుయి అనే సభ్యుడు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కొత్త చొక్కాలు కొని తెమ్మని పురమాయించారు. కావలసిన నీలం తెలుపు చొక్కాలు సరిపడా దొరకక, ఓడ ఎక్కబోయే ముందు సౌతాంప్టన్ ఊరి జట్టు తొడుక్కునే ఎరుపు తెలుపు చారల చొక్కాలు 50 కొనుక్కుని వచ్చేశాడు. బిల్బావో నగర పతాకం రంగులు కూడా ఎరుపు తెలుపులే కావడంతో ఎవరూ కాదనలేదు. కొన్ని చొక్కాలు మాడ్రిడ్ శాఖకు వెళ్లాయి. ఆ శాఖ పాత నీలం లాగులను అలాగే ఉంచుకుంది, బిల్బావో జట్టు నల్ల లాగులకు మారింది. దుకాణంలో సరుకు లేకపోవడం వల్ల రెండు పెద్ద క్లబ్బులకు శాశ్వతమైన రంగులు ఏర్పడ్డాయన్నమాట.

ఆటగాళ్ల నియమం కూడా ఇలాగే అనుకోకుండా, ఒక తగాదాలోంచి వచ్చింది. 1911 కోపా పోటీలు బిల్బావోలో జరిగాయి. అథ్లెటిక్ జట్టులో ఇంగ్లీషు ఆటగాళ్లు ఆడారని తక్కిన క్లబ్బులు అభ్యంతరం చెప్పాయి, గొడవ ముదిరింది. ఆ గొడవ తర్వాత విదేశీయులను ఆడించడం మీద ఆంక్షలు వచ్చాయి, క్లబ్బు కూడా విసిగిపోయి ఊరి కుర్రాళ్లతోనే సరిపెట్టుకుంది. 1912 నుంచి ఈ రోజు వరకు అదే సాగుతోంది. ఆ రోజు ఎవరూ ప్రమాణం చేయలేదు, తీర్మానం రాయలేదు. నేటికీ క్లబ్బు నియమావళిలో ఆ షరతు ఒక నిబంధనగా లేదు. ఎవరైనా ఒక అధ్యక్షుడు రేపు ఉదయం విదేశీ ఆటగాణ్ణి కొంటే చట్టం అడ్డుకోదు, ఊరు మాత్రం ఊరుకోదు. అలవాటు నూరేళ్లు నిలిస్తే శాసనం కంటే గట్టిపడుతుందని నాకు అక్కడే అర్థమైంది.

అలవాటు నిలవాలంటే గెలుపులు కావాలి, అవి వెంటనే వచ్చాయి. 1913 ఆగస్టు 21న సాన్ మమేస్ మైదానం తెరిచారు. పక్కనే ఉన్న అనాథాశ్రమపు ప్రార్థనా మందిరం మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. మమేస్ అనే ఆ పునీతుణ్ణి రోమన్లు సింహాలకు ఆహారంగా వేస్తే అవి ముట్టుకోలేదని ఐతిహ్యం, అందుకే ఈ జట్టు ఆటగాళ్లకు సింహాలని పేరు. మైదానంలో మొదటి గోల్ కొట్టినవాడు రఫాయెల్ మోరెనో అరంసాది. పొట్టిగా ఉండేవాడు కనుక పిచిచి అని పిలిచేవారు. తలకు తెల్ల రుమాలు కట్టుకుని ఆడేవాడు. 1922లో 29 ఏళ్లకే టైఫస్ జ్వరంతో చనిపోయాడు. స్పెయిన్ లీగ్‌లో ప్రతి ఏటా అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవారికి ఇచ్చే పురస్కారానికి పిచిచి అనే పేరు ఇతని మీదుగానే వచ్చింది. మెస్సీ, రొనాల్డో అందుకున్న ఆ పురస్కారం పేరు ఎవరిదో తెలియనివాళ్లు స్పెయిన్‌లోనూ చాలామంది ఉన్నారు. 1926లో మైదానంలో అతని ప్రతిమ నిలబెట్టారు. సాన్ మమేస్‌లో మొదటిసారి ఆడటానికి వచ్చిన ఏ జట్టు అయినా, ఆట మొదలయ్యే ముందు కెప్టెన్ వెళ్లి ఆ ప్రతిమ దగ్గర పూలగుచ్ఛం ఉంచాలి. నేను చూసిన ఒక మ్యాచ్‌లో అలా వచ్చిన విదేశీ కెప్టెన్‌కు పూలు ఎటు తిప్పి పెట్టాలో తెలియక తికమకపడితే, పక్కనున్న అథ్లెటిక్ ఉద్యోగి ఒకాయన చేత్తో మెల్లగా సర్ది చూపించాడు. అంతవరకు గోలగోలగా ఉన్న స్టేడియం ఆ అర నిమిషం నిశ్శబ్దంగా ఉంది.

1928-29లో పది జట్లతో స్పెయిన్ లీగ్ మొదలైంది. రెండో సీజన్‌లో, అంటే 1929-30లో, అథ్లెటిక్ 18 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా టైటిల్ గెలిచింది. మరుసటి సీజన్‌లోనూ అదే విజేత. 1931 ఫిబ్రవరి 8న బార్సిలోనాను 12-1తో ఓడించింది, అందులో ఏడు గోల్స్ బాతా ఒక్కడే కొట్టాడు. 1930 నుంచి 1933 వరకు వరసగా నాలుగు కోపాలు కూడా గెలిచింది. ఆటగాళ్లంతా ఊరివాళ్లే, కోచ్ మాత్రం ఇంగ్లీషువాడు, ఫ్రెడ్ పెంట్లాండ్. మొదటి ప్రపంచయుద్ధ కాలమంతా జర్మనీలో నిర్బంధ శిబిరంలో గడిపి, తర్వాత స్పెయిన్ వచ్చి చేరిన మనిషి. బంతిని గాల్లోకి బాది దాని వెంట పరుగెత్తే ఆట అలవాటైన బాస్క్ కుర్రాళ్లకు నేల మీద చిన్న చిన్న పాస్‌లతో ఆడటం నేర్పాడు. ఎప్పుడూ నెత్తిన గుండ్రటి నల్ల టోపీ ఉండేది, పెద్ద మ్యాచ్ గెలిచినప్పుడల్లా ఆటగాళ్లు ఆ టోపీ లాక్కుని కాళ్లతో తొక్కి అప్పడం చేసేవారు. ఆ నాలుగేళ్లలో ఆయన టోపీల ఖర్చు ఎంత అయ్యుంటుందో అని మా పక్క సీటు పెద్దాయన ఎప్పుడూ నవ్వేవాడు. ఊరి పిల్లలే అన్న నియమం ఆటగాళ్లకే తప్ప కోచ్‌లకు లేదని, అది నేటికీ అంతేనని ఇక్కడ గమనించాలి.

1936లో అంతర్యుద్ధం మొదలైంది. బాస్క్ స్వయంపాలిత ప్రభుత్వానికి అధ్యక్షుడైన హోసే ఆంతోనియో అగిర్రె స్వయంగా యువకుడిగా ఉన్నప్పుడు అథ్లెటిక్ చొక్కా తొడుక్కుని ఆడినవాడు. 1937లో బాస్క్ ఆటగాళ్లు ఒక జట్టుగా యూరప్ యాత్రకు బయలుదేరారు, అందులో అథ్లెటిక్ వాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధ శరణార్థుల కోసం నిధులు సేకరించడం, తమ పక్షం గొంతు వినిపించడం వాళ్ల ఉద్దేశం. వాళ్లు తిరుగుతూ ఉండగానే జూన్‌లో బిల్బావో తిరుగుబాటు సేనాపతి ఫ్రాంకో సైన్యం వశమైంది. కొందరు వెనక్కి వచ్చారు, తక్కినవాళ్లు అట్లాంటిక్ దాటి మెక్సికో చేరి, 1938-39లో అక్కడి లీగ్‌లో ఎవుస్కాది (బాస్క్ దేశం) పేరుతో ఆడి రెండో స్థానంలో నిలిచారు. చాలామంది మళ్లీ అథ్లెటిక్‌కు ఆడనే లేదు. పాత పట్టికల్లో ఈ క్లబ్బు పేరు అట్లెటికో దె బిల్బావో అని ఎందుకు కనబడుతుందని మీరు కింద చిన్నగా అడిగారు. విదేశీ పదాలు పనికిరావని ఫ్రాంకో ప్రభుత్వం 1941లో పేరును బలవంతంగా స్పానిష్‌లోకి మార్చింది, 1972లో గాని పాత పేరు తిరిగి రాలేదు. ఇంగ్లీషు పేరు ఒక ఊరి ఆత్మాభిమానానికి గుర్తుగా మారిన విచిత్రం ఇంకెక్కడా లేదనుకుంటాను.

యుద్ధం జట్టును చీల్చినా నియమం చెక్కుచెదరలేదు, కారణం సార్రా తరం. తెల్మో సార్రా తండ్రి ఒక రైల్వే స్టేషన్ మాస్టర్. పదిమంది తోబుట్టువుల మధ్య పెరిగాడని విన్నాను గాని ఆ లెక్క వదిలేయండి, అతని గోల్స్ లెక్క చాలు. లీగ్‌లో 251 గోల్స్, ఆరుసార్లు పిచిచి పురస్కారం, 1950-51 సీజన్ ఒక్కదాంట్లోనే 38. ఆ 251 రికార్డును 2014 నవంబరులో మెస్సీ దాటేవరకు దాదాపు అరవై ఏళ్లు ఎవరూ అందుకోలేదు. 1950 ప్రపంచకప్పులో మరకానా స్టేడియంలో ఇంగ్లండ్‌ను ఓడించిన గోల్ కూడా ఇతనిదే. ఇరియోందో, వెనాన్సియో, సార్రా, పానిసో, గైన్సా అన్న ఐదు పేర్లను బిల్బావో ముసలివాళ్లు ఇప్పటికీ ఒకే ఊపిరిలో, ఒకే వరసలో చెబుతారు. 1958లో మాడ్రిడ్‌లోనే జరిగిన కోపా ఫైనల్లో, మేటి ఆటగాడు దీ స్తెఫానో ఉన్న, అప్పటికి యూరప్ విజేత అయిన రియల్ మాడ్రిడ్‌ను అథ్లెటిక్ 2-0తో ఓడించింది. ఆ జట్టుకు పదకొండు మంది పల్లెటూరివాళ్లని పేరు స్థిరపడిపోయింది. ఎగతాళిగా అనిపించే ఆ మాటను క్లబ్బే గర్వంగా చెప్పుకుంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, ఇన్నేళ్లు కిందికి దిగకుండా ఎలా ఉండగలిగింది అన్నది. అభిమానులను అడిగితే చొక్కా మీద ప్రేమ అంటారు. ప్రేమ ఉంది, కాదనను. కానీ ప్రేమతో లీగ్‌లో నిలవలేరు. నాకు కనిపించిన కారణాల్లో మొదటిది డబ్బు. బిల్బావో స్పెయిన్‌లోకెల్లా సంపన్నమైన పారిశ్రామిక నగరాల్లో ఒకటి, ఇనుము, ఓడలు, బ్యాంకులు అక్కడే ఉండేవి. మంచి బాస్క్ ఆటగాడికి ఇల్లు వదిలి మాడ్రిడ్ వెళ్లవలసిన అవసరం అంతగా లేదు. రెండో కారణం చాలామంది మరచిపోయేది. 1962 ప్రపంచకప్పులో దెబ్బతిన్నాక స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య విదేశీ ఆటగాళ్ల కొనుగోలును నిషేధించింది, ఆ నిషేధం 1973 వరకు సాగింది. తాతలు స్పెయిన్ వాళ్లని కాగితాలు చూపించి దొడ్డిదారిన వచ్చినవాళ్లు ఉన్నా, మొత్తం మీద ఆ పదకొండేళ్లు అథ్లెటిక్ నియమం అందరికీ వర్తించినట్టే అయింది. ఆ గడువు ముగుస్తుండగా, 1971లో, క్లబ్బు ఊరి శివార్లలోని లెసామాలో సొంత శిక్షణ కేంద్రం తెరిచింది. నా దృష్టిలో క్లబ్బు చరిత్రలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం అదే. చుట్టుపక్కల ఊళ్లలోని పిల్లల క్లబ్బులతో ఒప్పందాలు పెట్టుకుని, పదేళ్ల పిల్లవాడి దగ్గర నుంచి ఎవరు ఎక్కడ ఎలా ఆడుతున్నారో తెలుసుకునే ఏర్పాటు అది. వేరే క్లబ్బు ప్రపంచమంతా ఒకసారి వెతికే చోట, వీళ్లు ఒక చిన్న ప్రాంతాన్నే వంద సార్లు వెతుకుతారు.

ఆ పంట 1980ల మొదట్లో చేతికొచ్చింది. అంతకుముందు ఒక చేదు సంవత్సరం ఉంది. 1977లో యూరప్ క్లబ్బుల యుయెఫా కప్పు ఫైనల్లో ఇటలీ జట్టు యువెంటస్ చేతిలో ఒక మ్యాచ్ 0-1తో ఓడి, ఇంటి దగ్గర 2-1తో గెలిచి, మొత్తం గోల్స్ సమమైనా, యువెంటస్ బయటి మైదానంలో కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువ ఉండటంతో కప్పు పోగొట్టుకుంది. అదే ఏడాది కోపా ఫైనల్లో బెతిస్ చేతిలో పెనాల్టీల్లో 7-8తో ఓడింది. ఆ పెనాల్టీల్లో విఫలమైనవారిలో పద్దెనిమిదేళ్లు గోల్ కాచిన మహా గోల్‌కీపర్ ఇరిబార్ కూడా ఉన్నాడు. ఇరిబార్ పేరు ఎత్తాక ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 1976 డిసెంబరు 5న, ఫ్రాంకో చనిపోయి ఏడాది దాటినా బాస్క్ జెండా ఇంకా నిషిద్ధంగా ఉన్న రోజుల్లో, పొరుగు ఊరు సాన్ సెబాస్తియాన్‌లో రియల్ సొసియెడాడ్‌తో మ్యాచ్ జరిగింది. ఆ జట్టు ఆటగాడు ఒకరు తన అక్కచెల్లెళ్లలో ఒకరు కుట్టిన జెండాను స్టేడియంలోకి రహస్యంగా తెచ్చాడు. ఇరిబార్, అవతలి కెప్టెన్ కోర్తాబార్రియా చెరొక కొస పట్టుకుని మైదానం మధ్యకు నడిచారు, ప్రాణశత్రువుల్లాంటి రెండు జట్లూ వాళ్ల వెనకే నడిచాయి. పోలీసులు ఏమీ చేయలేకపోయారు, మరుసటి నెలలోనే జెండా మీద నిషేధం తొలగింది. మ్యాచ్‌లో అథ్లెటిక్ 0-5తో చిత్తుగా ఓడింది. బిల్బావోలో ఈ కథ చెప్పేవాళ్లు స్కోరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు.

గాయం వల్ల పందొమ్మిదేళ్లకే ఆట దెబ్బతిన్న హావియెర్ క్లెమెంతె కోచ్‌గా, 1982-83లో చివరి రోజు అథ్లెటిక్ లాస్ పాల్మాస్‌లో 5-1తో గెలవగా, అదే సమయంలో రియల్ మాడ్రిడ్ వలెన్సియాలో ఓడిపోవడంతో 27 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ బిల్బావోకు వచ్చింది. మరుసటి ఏడాది లీగ్, కోపా రెండూ గెలిచింది. దానికి ముందు రెండేళ్లు లీగ్ గెలిచింది రియల్ సొసియెడాడ్, అప్పట్లో అదీ బాస్క్ ఆటగాళ్లతోనే ఆడేది. అంటే వరసగా నాలుగేళ్లు స్పెయిన్ విజేత అచ్చంగా బాస్క్ జట్టే. నెర్వియోన్ నదిలో సరుకులు మోసే పడవను, వాళ్లు గబార్రా అనేదాన్ని, అలంకరించి ఆటగాళ్లను ఎక్కించి, సముద్రం వైపు నుంచి ఊరి మధ్యకు ఊరేగించే ఆచారం 1983లో అప్పుడే మొదలైంది. నదికి రెండు ఒడ్డులా నిలబడ్డవాళ్లలో ఓడలు కట్టే కార్ఖానా కార్మికులు, ఉక్కు కార్మికులు వేలల్లో ఉన్నారు. మరి కొన్నేళ్లలోనే ఆ ఓడల కార్ఖానా మూతపడింది, 1996లో ఉక్కు కొలుములు ఆరిపోయాయి. ఆ జట్టు అందంగా ఆడేదని మాత్రం నేను చెప్పను. 1983 సెప్టెంబరులో గోయికోఎచెయా వెనక నుంచి తన్ని మారడోనా చీలమండ విరగ్గొట్టాడు. 1984 కోపా ఫైనల్లో బార్సిలోనాను 1-0తో ఓడించాక మైదానం మీద జరిగిన తన్నులాట రాజు కళ్ల ముందే జరిగింది. అథ్లెటిక్ అభిమానులు దీన్ని దాటవేస్తే నాకు చిరాకు.

ఆ తర్వాత నలభై ఏళ్లు పెద్ద కప్పు రాలేదు, లోకం మాత్రం మారిపోయింది. 1989లో రియల్ సొసియెడాడ్ విదేశీయుడైన జాన్ ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చుకుని పాత పద్ధతిని వదిలేసింది. 1995లో బోస్మన్ తీర్పుతో యూరప్ ఆటగాళ్లకు సరిహద్దులు తొలగాయి, ప్రతి జట్టూ అంతర్జాతీయ జట్టయింది. ఈ దశలో అథ్లెటిక్ నిలబడిన తీరులో అంత కవిత్వం లేని భాగం ఒకటుంది. తనకు కావలసిన బాస్క్ ఆటగాణ్ణి పొరుగు క్లబ్బు తయారుచేస్తే డబ్బు పెట్టి తెచ్చుకుంటుంది. 1995లో పదిహేడేళ్ల ఎచెబెర్రియా కోసం రియల్ సొసియెడాడ్‌కు 55 కోట్ల పెసెతాలు కట్టింది, ఆ పగ సాన్ సెబాస్తియాన్‌లో ఇంకా చల్లారలేదు. పొరుగునే ఉన్న ఒసాసునా క్లబ్బు అభిమానులను అడిగితే ఇలాంటి జాబితా వాళ్ల దగ్గరా ఉంటుంది. మరోవైపు తన ఆటగాణ్ణి ఎవరైనా కొనాలంటే బేరం ఆడదు, ఒప్పందంలో రాసిన పూర్తి మొత్తం కట్టమంటుంది. హావి మార్తినెస్‌కు 4 కోట్ల యూరోలు, లపోర్తెకు 6.5 కోట్లు, గోల్‌కీపర్ కేపాకు 8 కోట్లు అలా వచ్చాయి. విదేశాల్లో ఖర్చు పెట్టే అవకాశమే లేని క్లబ్బుకు ఆ డబ్బు ఏళ్ల తరబడి సరిపోతుంది. పైగా 1990 నాటి క్రీడా చట్టం చాలా క్లబ్బులను కంపెనీలుగా మార్చినప్పుడు సభ్యుల చేతుల్లోనే మిగిలిన నాలుగింటిలో ఇదొకటి. అమ్ముకుని పోయే యజమాని లేడు.

అయినా అదృష్టాన్ని కూడా లెక్కలో వేయాలి. 2006-07 సీజన్ చివరి రోజున లెవాంతెను 2-0తో ఓడించి, 17వ స్థానంలో, అంటే పడిపోయే గీతకు సరిగ్గా ఒక మెట్టు పైన, బయటపడింది. ఆ రోజు కథ చెబుతూ నా స్నేహితుడి తండ్రి, రెండో సగమంతా తాను స్టేడియం మెట్ల కింద నిలబడి శబ్దం మాత్రమే విన్నానని, చూసే ధైర్యం లేకపోయిందని అన్నాడు. ఆ రోజు ఓడి కిందికి దిగి ఉంటే ఈ నియమం నిలిచేదా అన్నది ఎవరూ పైకి అడగని ప్రశ్న.

మూడో ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది, దానికి నేను నిజాయితీగా చెప్పగలిగింది ఇది. నియమం ఒకటే గాని దాని అర్థం కాలంతో మారుతూ వచ్చింది, ఒకప్పటి అర్థం మాత్రం ఇరుకైనదే. మిగెల్ జోన్స్ అప్పటి స్పానిష్ గినీలో పుట్టి, చిన్నతనం నుంచి బిల్బావోలో పెరిగిన నల్లజాతి ఆటగాడు. 1950లలో అథ్లెటిక్ అతణ్ణి పరీక్షించి చూసింది, ఇక్కడ పుట్టలేదని తీసుకోలేదు. అతను అట్లెటికో మాడ్రిడ్ వెళ్లి 1962లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు గెలిచిన జట్టులో ఆడాడు. అది తప్పు అని ఇప్పుడు బిల్బావోలోనూ ఒప్పుకుంటారు. క్రమంగా పుట్టుకతో పాటు పెరిగిన చోటు, ఆట నేర్చుకున్న చోటు కూడా లెక్కలోకి వచ్చాయి. ఇప్పటి అర్థం ప్రకారం స్పెయిన్ వైపు బిస్కాయా, గిపుస్కోవా, అలావా, నవర్రా, ఫ్రాన్స్ వైపు మూడు చిన్న బాస్క్ ప్రాంతాలు, వీటిలో ఎక్కడ పుట్టినా సరే, లేదా అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నా సరే. మొత్తం జనం సుమారు 30 లక్షలు. బ్రెజిల్‌లో పుట్టి ఇక్కడ పెరిగిన బియుర్రున్ 1980లలోనే గోల్ కాచాడు. ఫ్రాన్స్‌లో పుట్టిన లపోర్తెను పదిహేను పదహారేళ్ల వయసులో కనిపెట్టి, ముందు ఫ్రాన్స్ వైపు బాస్క్ పట్టణమైన బయోన్‌లో ఆడించి, తర్వాత లెసామాకు తెచ్చారు. అర్హత కోసం చేసిన ఆ మలుపును విమర్శకులు ఎగతాళి చేశారు, ఆ ఎగతాళిలో పస ఉందని నేనూ అనుకుంటాను.

ఇనాకి విలియమ్స్ దగ్గరికి వచ్చేసరికి విషయం వేరు. ఘనా నుంచి బయలుదేరి సహారా ఎడారిలో కొంత దూరం కాలినడకన దాటి స్పెయిన్ చేరిన దంపతులకు 1994లో బిల్బావోలో పుట్టాడు, తమ్ముడు నికో 2002లో పాంప్లోనాలో పుట్టాడు. 2015 ఫిబ్రవరిలో అథ్లెటిక్ తరఫున గోల్ కొట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు ఇనాకి. 2016 నుంచి 2023 వరకు వరసగా 251 లీగ్ మ్యాచ్‌లు ఒక్కటీ మానకుండా ఆడాడు. అన్న ఘనా జాతీయ జట్టుకు, తమ్ముడు స్పెయిన్ జట్టుకు ఆడతారు, ఇద్దరూ ఈ ప్రాంతపు పిల్లలే. రక్తం చూసే నియమమైతే వీళ్లిద్దరూ లోపలికి వచ్చేవారు కారు. పెరిగిన నేల చూసే నియమం కనుక వచ్చారు. అలాగని మొదటి నల్లజాతి ఆటగాడు, జోనాస్ రమాల్యో, 2011 వరకు రాకపోవడాన్ని ఇది చెరిపేయదు.

2024 ఏప్రిల్ 6న సెవిల్‌లో కోపా ఫైనల్. మయోర్కా ముందు గోల్ కొట్టింది, సాన్సెత్ సమం చేశాడు, 1-1తో పెనాల్టీలకు వెళ్లింది. గోల్‌కీపర్ అగిర్రెసాబాలా ఒకటి ఆపాడు, అవతలివాళ్లు ఇంకొకటి గోల్‌స్తంభాల పైనుంచి కొట్టారు, బెరెంగెర్ చివరి పెనాల్టీ కొట్టాడు, 4-2. 1984 తర్వాత మొదటి కోపా, సమాఖ్య లెక్క ప్రకారం 24వది. నేను అప్పటికి బిల్బావో వదిలి వచ్చేశాను. అయిదు రోజుల తర్వాత, 11న, గబార్రా నదిలోకి దిగింది. మా పక్క సీటు పెద్దాయన కూతురు ఒడ్డు మీంచి తీసి పంపిన వీడియో నా ఫోన్‌లో ఇంకా ఉంది. పడవ సాన్ మమేస్ దగ్గరికి వచ్చేసరికి ఆటగాళ్లు ఈ రోజు చూడకుండానే పోయినవాళ్ల కోసం నీళ్లలోకి పూలరేకులు వదులుతున్నారు. ఆ అమ్మాయి చేతిలో వాళ్ల నాన్న మెడకు చుట్టుకునే పాత ఎరుపు తెలుపు మఫ్లరు ఉంది, ఫోన్ పట్టుకున్న చెయ్యి వణకడం వల్ల వీడియో సగం మసకగానే వచ్చింది.